రేవును తవ్వితే చాలదు

చెన్నై, ఎన్నూరు రేవుల మాట ఎప్పుడొచ్చినా చర్చ లోతు దగ్గరే ఆగిపోతోంది. ఇంకో మీటరు తవ్వితే ఇంకా పెద్ద ఓడ వస్తుందని లెక్క. రేవులోకి వచ్చే నీటిదారి అయిన ఛానల్‌లో ఆ ఓడ ఎంత వేగంతో రావాలన్నది మాత్రం, ఓడను లోపలికి నడిపించే రేవు పైలట్ నెత్తిన వేసి ఊరుకుంటున్నాం.

ఆగి ఉన్న ఓడకు సరిపోయే లోతు కదిలే ఓడకు చాలదు. నీరు తక్కువున్న చోట ఓడ అడుగుకీ నేలకీ మధ్య ఇరుక్కున్న నీరు జోరుగా వెనక్కి పారుతుంది. అక్కడ ఒత్తిడి పడిపోయి ఓడ కిందికి దిగుతుంది. నావికులు దీన్ని స్క్వాట్ అంటారు. వాళ్ల వాడుకలో ఉన్న ఉజ్జాయింపు సూత్రం ప్రకారం, బొగ్గు మోసే పెద్ద ఓడ 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగంతో వస్తే విశాలమైన చోట సుమారు 0.8 మీటరు, ఇరుకు ఛానల్‌లో 1.6 మీటర్ల దాకా దిగుతుంది. వేగం సగం చేస్తే ఆ దిగుడు నాలుగో వంతే. అంటే కోట్లు పోసి తవ్విన మీటరును కాస్త తొందర మింగేయగలదు! 1992లో అమెరికా తీరంలో క్వీన్ ఎలిజబెత్ 2 అనే ప్రయాణికుల ఓడ రాళ్లకు తగలడానికి స్క్వాట్‌ను తక్కువగా అంచనా వేయడం కూడా ఒక కారణం.

గట్టుకు దగ్గరైతే ఇంకో తంటా. ఓడ వెనుకభాగం గట్టువైపు లాక్కుపోతుంది, ముక్కు అవతలికి తిరుగుతుంది. పైగా లోతు తక్కువైన కొద్దీ మలుపుకు ఎక్కువ జాగా కావాలి. 2021 మార్చిలో 400 మీటర్ల కంటైనర్ ఓడ ఎవర్ గివెన్ సూయజ్‌కు అడ్డం పడినప్పుడు గాలి పేరే ఎక్కువగా వినపడింది. గట్టు ప్రభావం గురించి నావికులు చెప్పింది అంతగా ఎవరికీ ఎక్కలేదు.

మన తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు కట్టాకే మెరీనా అంత వెడల్పయింది, రాయపురం వైపు తీరం కోతకు గురైంది. ఇలాంటి చోట నిరుటి కొలతలను నమ్ముకోలేం. ఈశాన్య రుతుపవనాలు వెళ్లగానే లోతులు మళ్లీ కొలిచి పైలట్ల చేతికివ్వాలి.

ఓడ ఎంత త్వరగా వచ్చి వెళ్లిందన్న దాన్నిబట్టి రేవుల పనితీరును లెక్కిస్తున్నారు. సరుకు దించేటప్పుడు ఆ ఆరాటం ఉండాల్సిందే. ఛానల్‌లో గడిచే సమయాన్ని మాత్రం ఆ లెక్కలోంచి తీసేయాలని మేం కోరుతున్నాం. పైలట్ ఇంకో టగ్ (పెద్ద ఓడను లాగే, నెట్టే చిన్న ఓడ) అడిగితే ఖర్చు పేరుతో బేరమాడకూడదు. నావిక చదువుల కోసం శ్రీకాకుళం, నెల్లూరు నుంచి చెన్నై వస్తున్న మన పిల్లలకు సిమ్యులేటర్‌పై ఇరుకు నీటి అభ్యాసం పెంచాలి.