అయానిక్ లిక్విడ్ అంటే "ఉప్పే కదా" అనుకునేవాళ్లకు

ల్యాబ్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: అయానిక్ లిక్విడ్లు గది ఉష్ణోగ్రతలోనే ద్రవంగా ఉండే ఉప్పులు, ఆవిరి కావు, మండవు, నీళ్లు తగిలినా ఏమీ కావు, 400 డిగ్రీల దాకా తట్టుకుంటాయి, పర్యావరణానికి మంచివి, కాబట్టి ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే పెట్టె) వద్దు, గ్లవ్స్ వద్దు, మిగిలింది సింకులో పోసేయొచ్చు. కొత్తగా ప్రాజెక్టులో చేరిన పిల్లలు నిజమనుకుని ఫార్వర్డ్ చేస్తున్నారు, తెలిసినవాళ్లు కూడా చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు. ఇందులో గట్టి నిజం ఒకటుంది. మామూలు ఉష్ణోగ్రతలో వీటి ఆవిరి పీడనం దాదాపు సున్నా. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని లాగి లాగి మిగతా అన్నిటి మీదా కప్పేశారు, నా గొడవంతా దాని మీదే.

"ఆవిరి కాదు కాబట్టి హుడ్ అక్కర్లేదు."

ఈథర్, డైక్లోరోమీథేన్ లాంటివాటితో పోలిస్తే పీల్చే ప్రమాదం తక్కువే, కాదనను. "గ్రీన్ సాల్వెంట్" అనే పేరు వచ్చింది కూడా ముఖ్యంగా ఆ పోలిక వల్లే. కానీ సీసాలో అయానిక్ లిక్విడ్ ఒక్కటే ఉంటుందని ఎవరు చెప్పారు? తయారీలో మిగిలిపోయిన మిథైల్ ఇమిడజోల్, ఆల్కైల్ హాలైడ్, కడగడానికి వాడిన సాల్వెంట్ ఎంతో కొంత ఉండొచ్చు, అవన్నీ ఆవిరయ్యేవే. మూత తీయగానే అమీన్ వాసన కొట్టిందంటే మీరు పీలుస్తున్నది ఆ మిగులునే. మీరు అందులో కరిగించిన పదార్థాల సంగతి సరేసరి, వాటికి ఆవిరయ్యే గుణం ఉంటే అయానిక్ లిక్విడ్ అడ్డుపడి ఆపేదేమీ ఉండదు. పైగా "అసలు ఆవిరే కావు" అన్న మాట కూడా 2006లోనే పోయింది, కొన్ని అయానిక్ లిక్విడ్లను తక్కువ పీడనంలో 200 నుంచి 300 డిగ్రీల దగ్గర డిస్టిల్ చేసి చూపించిన పేపర్ ఆ ఏడాది నేచర్‌లో వచ్చింది.

"ఉప్పే కదా, చేతికి తగిలితే ఏమవుతుంది."

సోడియం సయనైడ్ కూడా ఉప్పే. ఈ ఒక్క మాటతో ఈ పాయింటు ముగించేయొచ్చు గానీ, ఇక్కడ అసలు విషయం వేరే ఉంది. అందరూ వాడే బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్ సీసా తిప్పి చూడండి, మింగితే విషం అని పుర్రె గుర్తు ఉంటుంది, చర్మానికీ కళ్లకూ మంట పుట్టిస్తుందని ఉంటుంది, నీటి జీవులకు హాని అని చచ్చిన చేప బొమ్మ ఉంటుంది. కేటయాన్ (ఉప్పులోని ధనావేశ భాగం) మీద ఆల్కైల్ గొలుసు, అంటే కార్బన్ల గొలుసు, పొడవు పెరిగేకొద్దీ, బ్యూటైల్ నుంచి ఆక్టైల్‌కు, అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్లేకొద్దీ విషగుణం సాధారణంగా పెరుగుతుంది, ఎందుకంటే ఆ పొడవాటి తోక కణత్వచంలోకి సబ్బు అణువులా దూరి దాన్ని చెదరగొడుతుంది.

ఇక ఆవిరి కాకపోవడమనేది రెండువైపులా పనిచేస్తుంది. ఎసిటోన్ చుక్క బల్ల మీద పడితే క్షణాల్లో ఎగిరిపోతుంది. అయానిక్ లిక్విడ్ చుక్క పడితే ఎవరో ఒకరు తుడిచేదాకా అక్కడే ఉంటుంది, వారం తర్వాత కూడా. బ్యాలెన్స్ తలుపు అంచున సన్నటి మెరుపుగా, పైపెట్ పిడి మీద జిడ్డుగా, స్టిరర్ నాబ్ మీద వేలిముద్రగా మిగిలిపోతుంది. మీరు గ్లవ్స్ వేసుకుని చిందిస్తారు, తర్వాత వచ్చినవాళ్లు ఒట్టి చేత్తో ముట్టుకుంటారు. పైగా చాలా రకాలు చిక్కగా ఉంటాయి, ఒకసారి నీళ్లు చల్లుకుంటే పోవు, హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లాంటివైతే నీళ్లలో సరిగా కలవనే కలవవు. చిందితే ముందు వెర్మిక్యులైట్ లాంటి పీల్చే పదార్థంతో ఎత్తేయాలి, తర్వాత ఆ లిక్విడ్ దేంట్లో కరుగుతుందో దాంతో తడిపిన గుడ్డతో తుడవాలి, ఆ గుడ్డను వేస్ట్ సంచిలో వెయ్యాలి. గ్లవ్స్ మురికైనట్టు కనిపించకపోయినా మార్చాలి, అదే చేత్తో తలుపు హ్యాండిల్ పట్టుకోకూడదు.

"గాలికీ నీళ్లకూ చలించవు."

మొత్తం పోస్టులో నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది ఈ లైనే. పాతకాలపు క్లోరోఅల్యూమినేట్ రకాలు తేమ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ కక్కేవి, ఇప్పటికీ కక్కుతాయి. 1992లో టెట్రాఫ్లోరోబోరేట్ లాంటి ఆనయాన్లతో (రుణావేశ భాగాలతో) చేసిన ఇమిడజోలియం లవణాలు వచ్చాక, వాటితో పోలిస్తే ఇవి "గాలికీ నీళ్లకూ స్థిరం" అన్నారు. ఆ "పోలిస్తే" అన్న ముక్క కాస్తా దారిలో ఎక్కడో జారిపోయింది.

టెట్రాఫ్లోరోబోరేట్ నీళ్లతో గది ఉష్ణోగ్రతలోనే మెల్లగా విడిపోతుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ మామూలుగా బాగానే నిలుస్తుంది, కానీ ఆమ్లం ఉంటేనో, తేమతో పాటు వేడి చేస్తేనో అదీ విడిపోతుంది. రెండిట్లోనూ వచ్చేది హైడ్రోజన్ ఫ్లోరైడ్. 2003లో గ్రీన్ కెమిస్ట్రీ పత్రికలో స్వాట్లోస్కీ, హోల్‌బ్రే, రోజర్స్ రాసిన పేపర్ సరిగ్గా ఈ విషయం మీదే: బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌ను శుద్ధి చేస్తుంటే దాని ఫ్లోరైడ్ లవణం స్ఫటికాలు బయటపడ్డాయి. అంటే ఆనయాన్ విరిగిపోయిందన్నమాట. ఈ రంగాన్ని ముందుకు నడిపించినవాళ్లే ఆ హెచ్చరిక రాశారు, వ్యతిరేకులెవరో కాదు.

తడి శాంపిల్‌ను రోటావాప్ (ఫ్లాస్క్‌ను తిప్పుతూ సాల్వెంట్‌ను ఆవిరి చేసే పరికరం) మీద పెట్టి వేడి చేసి, వాక్యూమ్ లాగి ఆరబెట్టడం ప్రతి ల్యాబ్‌లో జరిగే పనే. తర్వాత ఫ్లాస్క్ కడిగి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి, లోపలి గోడ మసకబారి, గరుకుగా, పొగమంచు పట్టినట్టు కనిపిస్తే అది మరక కాదు, ఎంత రుద్దినా పోదు. ఫ్లోరైడ్ గాజును తినేసింది. గాజు సంగతే అలా ఉంటే వేలి సంగతి ఆలోచించండి. పల్చటి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం (నీళ్లలో కరిగిన హైడ్రోజన్ ఫ్లోరైడ్) చర్మానికి తగిలినప్పుడు వెంటనే నొప్పి కూడా రాకపోవచ్చు, గంటల తర్వాత మొదలవుతుంది, ఈలోపు ఫ్లోరైడ్ లోపలికి దిగి కాల్షియంను పట్టేసుకుంటుంది, ఎక్కువ మోతాదైతే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. తగిలిందన్న అనుమానం వస్తే చాలు, వెంటనే ధారగా నీళ్లతో కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి, ఫ్లోరైడ్ అని స్పష్టంగా చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి, నొప్పి లేదు కదా అని ఆగొద్దు. ఈ రెండు ఆనయాన్లలో ఏది వాడే ల్యాబ్‌లోనైనా ఆ జెల్ ట్యూబ్ అందుబాటులో ఉండాలి, దాని ఎక్స్‌పైరీ తేదీ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

దీనికి జవాబుగా "అయితే బిస్‌ట్రైఫ్లిమైడ్ వాడతాం" అంటారు. మంచిదే, అది ఇంకో రకం ఆనయాన్, నీళ్లకు చాలా గట్టిగా నిలుస్తుంది. అదే గట్టితనం వల్ల బయటికి పోతే త్వరగా విరగదు. అందులో ట్రైఫ్లోరోమిథైల్ గ్రూపులున్నాయి కాబట్టి 2021 నాటి ఓఈసీడీ (అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సంస్థ) నిర్వచనం ప్రకారం అది పీఫాస్ (ప్రకృతిలో తేలిగ్గా విరగని ఫ్లోరిన్ రసాయనాల) కుటుంబంలోకే వస్తుంది.

"మండవు, 400 డిగ్రీల దాకా భయం లేదు."

400 అనే అంకె టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గిందో చూసే పరీక్ష) గ్రాఫ్ నుంచి వస్తుంది. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోతే, విచ్ఛిన్నం మొదలైనా గ్రాఫ్‌లో కనిపించేలోపు ఉష్ణోగ్రత చాలా పైకి వెళ్లిపోతుంది. అదే పదార్థాన్ని ఒకే వేడిలో గంటల తరబడి ఉంచితే 200 డిగ్రీల దగ్గరే బరువు తగ్గే రకాలున్నాయి, క్లోరైడ్లు, ఎసిటేట్లు అంత గట్టివి కావు. క్లోరైడ్ విరిగితే మిథైల్ క్లోరైడ్, బ్యూటైల్ క్లోరైడ్ లాంటివి వస్తాయి, బిగించిన పాత్రలో అయితే దాంతోపాటు పీడనం కూడా. మైక్రోవేవ్ రియాక్టర్‌లో పెట్టేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అయాన్లు మైక్రోవేవ్‌లను ఎంత బాగా పీల్చుకుంటాయంటే ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది.

మండకపోవడమూ అంతే. మామూలు అర్థంలో ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత) కనపడదు, నిజమే, కానీ బాగా వేడెక్కి విరిగితే వచ్చే వాయువులు అంటుకుంటాయి. ఆనయాన్ మంటకు ఆక్సిజన్ అందించే నైట్రేటో పెర్‌క్లోరేటో అయితే ఇక చెప్పక్కర్లేదు. కొన్ని డైసయనమైడ్ రకాలైతే ఫ్యూమింగ్ నైట్రిక్ ఆమ్లం తగలగానే వాటంతటవే భగ్గుమంటాయి, వాటిని రాకెట్ ఇంధనంగా పరిశీలిస్తున్నది ఆ గుణం కోసమే. అలాంటిది వేస్ట్ క్యాన్‌లో నైట్రిక్ ఆమ్లంతో కలవకూడదని వేరే చెప్పాలా?

"గ్రీన్ కాబట్టి సింకులో పోయొచ్చు."

వద్దు. గాలిలోకి పోని పదార్థం నీళ్లలోకి పోతుంది, మామూలు ఇమిడజోలియం రకాలు అంత తేలిగ్గా కుళ్లిపోవు. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో ఒక చెత్త డంప్ దగ్గరి మట్టిలో ఆక్టైల్ మిథైల్ ఇమిడజోలియం దొరికిందని న్యూకాసిల్ పరిశోధకులు 2018లో రాశారు, ప్రయోగశాలలో అది కాలేయ కణాలను దెబ్బతీసింది కూడా. పిత్తనాళాలకు వచ్చే ఒక జబ్బుతో దానికి సంబంధం ఉందా అని వాళ్లు ప్రశ్న లేవనెత్తారు, రుజువైందని అనలేదు, నేనూ అనను. కోలీన్‌తో చేసిన కొన్ని రకాలు నిజంగానే మెరుగు, త్వరగా విరుగుతాయి కూడా. అయినా వాటినీ పేరు రాసిన డబ్బాలోనే వెయ్యండి, లేబుల్ మీద "అయానిక్ లిక్విడ్" అని కాకుండా కేటయాన్, ఆనయాన్ రెండూ రాయండి.

"సేఫ్టీ డేటా షీట్‌లో ప్రమాదం అని ఏమీ లేదు."

చాలా షీట్లలో ఉండేది "డేటా అందుబాటులో లేదు" అన్న మాట. ఎవరూ పరీక్షించలేదని దానర్థం. అంతే.

చివరగా, "కొనడం ఎందుకు, మిథైల్ ఇమిడజోల్, బ్రోమోబ్యూటేన్ కలిపి వేడి చేస్తే చాలు" అన్న సలహా. మిథైల్ ఇమిడజోల్ చర్మాన్ని కాల్చేస్తుంది, కంటికి తగిలితే చూపుకే ప్రమాదం. ఆ చర్య వేడి పుట్టించేది, మొదట్లో ఏమీ జరగనట్టే ఉండి తర్వాత అందుకుంటుంది, ఏమీ కావట్లేదని హీటింగ్ పెంచినవాళ్లకు అప్పుడు తెలుస్తుంది. ఉత్పత్తి చిక్కబడేకొద్దీ స్టిరర్ బార్ తడబడుతుంది, కలపడం ఆగితే వేడి బయటికి పోయే దారి ఉండదు. చిన్న ఫ్లాస్క్‌లో బాగా జరిగిందని పదింతలు పెట్టకండి. సాల్వెంట్‌లో, హుడ్ లోపల, చల్లని బాత్ సిద్ధంగా ఉంచుకుని, హాలైడ్‌ను చుక్కచుక్కగా వేస్తూ, లోపలి ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్ పెట్టుకుని చెయ్యండి. బయటి ఆయిల్ బాత్ చూపించే అంకెను నమ్ముకోవద్దు, లోపల అంతకంటే ఎక్కువ వేడి ఉండొచ్చు.