మహారాజశ్రీ పోర్టు నంబరు 25 గారి సముఖానికి

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంట్లోనే సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నాను. నా ఉత్తరాలు బయటికి పోవాల్సిన, కంటికి కనబడని తలుపు తమరే. ఆ తలుపు మూసేశారు గనక మెయిల్స్ మాత్రం క్యూలో పడి మూలుగుతున్నాయి.

"స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్, పోర్టులన్నీ ఓపెనే" అని, ఎప్పటికీ మారని ఆ నెట్ చిరునామాకి డబ్బు కట్టించుకున్న ఇంటర్నెట్ కంపెనీవారు, ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టగా నిన్న మధ్యాహ్నం ఒక టెక్నీషియన్‌ను పంపారు. భోజనం కూడా ఆపుకుని కూర్చున్నాను. వచ్చినాయన అటక మీది రూటర్ దించి, వెనక్కి తిప్పి, దుమ్ము ఊది, వేలితో లెక్కపెట్టాడు. "ఇరవై ఐదో పోర్టు అన్నారట. దీనికున్నవే నాలుగు కదా సార్. పెద్ద స్విచ్ కొనుక్కోవాలి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు కేబుల్‌ని రెండో దాంట్లోంచి పీకి మూడో దాంట్లో గుచ్చి, నా ఫోన్‌లో యూట్యూబ్ పెట్టించి, "సూపర్‌గా వస్తోంది చూడండి" అని ఓటీపీ అడిగాడు. సమస్య పరిష్కారమైందని మెసేజ్ కూడా వచ్చేసింది.

ఆయన్ని అని ఏం లాభం? తమరి సంగతి చూద్దాం. 1982లో జాన్ పోస్టెల్ గారు మెయిల్ పంపుకునే నియమావళి ఎస్‌ఎంటీపీ రాసినప్పుడు, ఏ కంప్యూటరైనా వచ్చి మీ తలుపు తట్టి ఉత్తరం ఇచ్చిపోవచ్చు. ఇప్పుడు ఇంటి కనెక్షన్ వాళ్లకి ఆ భాగ్యం లేదు. తలుపు తెరిచుందో లేదో చూద్దామని టెల్నెట్ కమాండ్ కొడితే 'ట్రయింగ్' అంటుంది. కాఫీ కలుపుకుని వచ్చి చూసినా అదే 'ట్రయింగ్'. పొమ్మన్నా బాగుండు, మీరు ఉలకరు, పలకరు. పాపం నా మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ ఐదు రోజులు తిరిగి తిరిగి, నా ఉత్తరం నాకే తెచ్చిస్తుంది.

మెయిల్ నిజంగా నా దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చూపే ఎస్‌పీఎఫ్, డీమార్క్ పెట్టాను. అలాంటి రుజువే అయిన డీకిమ్ కీ 255 అక్షరాలు దాటిందని ముక్కలు చేసి మరీ నెట్ చిరునామాల పుస్తకమైన డీఎన్ఎస్‌లో అతికించాను. ఐపీని బట్టి పేరు చెప్పే రివర్స్ డీఎన్ఎస్ పెట్టమంటే కస్టమర్ కేర్ అమ్మాయి "రూటర్ ఒకసారి రీస్టార్ట్ చేశారా సార్?" అంది. మెయిల్స్ తీసుకోకూడని ఐపీల బ్లాక్‌లిస్టులోనేమో మా ఐపీ ముందే ఉంది. ఇంటి ఐపీ కావడమే నేరమట.

స్పామ్ ఆపడానికే మిమ్మల్ని మూశామంటారు కంపెనీవారు. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు ఊళ్ల మీదికి చెత్త కుమ్మరించిన మాట నిజమే, కాదనను. మరి లోపలికి వచ్చే దారి బార్లా తెరిచే ఉందేం? రాత్రి లాగ్ తీస్తే ఎవడో 'అడ్మిన్', 'ఇన్ఫో', 'టెస్ట్' అంటూ పాస్‌వర్డ్‌లు గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. వాడి వెనకే లోన్ ఇస్తామంటూ ఒక మెయిల్ దిగింది. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్! దొంగగారి కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. మా అక్కకు పంపిన గృహప్రవేశం ఫొటోలు మాత్రం గడప దాటవు.

"రిలే పెట్టుకుని ఇంకొకరి సర్వర్ ద్వారా పంపు, బయట వీపీఎస్ అద్దెకు తీసుకో" అని చెప్పేవాళ్లకి కొదవ లేదు. అద్దె కంప్యూటర్లో పెట్టేదానికి ఇంట్లో సర్వరెందుకయ్యా? నా ఉత్తరాలు నా ఇంట్లోంచే పోవాలనే కదా ఈ తిప్పలన్నీ! నెలనెలా ఆ స్టాటిక్ ఐపీకి లాగుతున్న డబ్బు దేనికి? తెరిస్తే తెరవండి, లేకపోతే కట్టినదంతా లెక్కగట్టి వెనక్కివ్వండి.

ఇట్లు,
బిల్లు మాత్రం టైముకి అందుకుంటున్న వినియోగదారుడు