తొందరపాటు నేరం: ర్యాలీలో చేరదలచినవారికి ముందస్తు మనవి

కారును వేగంగా నడిపే విద్య తనకు పుట్టుకతోనే అబ్బిందని నమ్మే ప్రతి మనిషికీ ఏదో ఒకనాడు కార్ల ర్యాలీ పోటీలో చేరాలన్న కోరిక కలుగుతుంది. అట్టివారిని నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు. తాము చేరబోతున్నది సాహసకృత్యంలో కాదని, చక్రాలు తగిలించిన గుమాస్తా కొలువులోనని ముందే తెలియజేయడం మాత్రం నా విధిగా భావిస్తున్నాను.

ఇందుకు చరిత్రే సాక్షి. 1911లో తొలి మోంటే కార్లో ర్యాలీ జరిగినప్పుడు పోటీదారులు యూరప్‌లోని వేర్వేరు నగరాల నుంచి బయలుదేరి, చలికాలపు రోడ్ల మీద నానా అగచాట్లు పడి మొనాకో చేరుకున్నారు. తీరా చేరాక న్యాయనిర్ణేతలు కారు సొగసును, అందులో ప్రయాణికులకు అమరిన సౌకర్యాన్ని, బండి ఏ స్థితిలో వచ్చిందన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. దుమ్ము రేపినవాడికంటే దుమ్ము దులుపుకున్నవాడికే గౌరవం దక్కే ఈ ఆచారం పుట్టుకలోనే ఉందన్నమాట.

ఆలస్యం అమృతం విషం అని పెద్దలు చెప్పారు. ర్యాలీ నియమావళి రాసినవారు ఆ సామెతను శ్రద్ధగా చదివి, తలకిందులు చేసి, అచ్చు వేయించారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం టైమ్ కంట్రోల్‌కు, అంటే దారిలో నిర్ణీత వేళకు చేరవలసిన తనిఖీ కేంద్రానికి, ఒక నిమిషం ఆలస్యంగా వస్తే 10 సెకన్ల జరిమానా పడుతుంది; ఒక నిమిషం ముందుగా వస్తే పూర్తిగా 60 సెకన్లు పడుతుంది. అంటే ఆలస్యం కంటే తొందరపాటు ఆరు రెట్లు పెద్ద నేరం. ఈ నిబంధన చదవకుండానే నా మొదటి ర్యాలీలో దిగిన నేను, పక్క సీట్లో కూర్చుని దారీ వేళలూ చూసే కో-డ్రైవర్ వద్దంటున్నా వినకుండా, మూడు నిమిషాలు ముందుగా కంట్రోల్ చేరి, అభినందనల కోసం కిటికీ అద్దం దించాను. దక్కినవి మూడు నిమిషాల జరిమానా, చేరిన వేళలు నమోదు చేసే టైమ్ కార్డు మీద నీట్‌గా వేసిన ఒక సంతకం. దారిలో ఆగి పావుగంట నిద్రపోయి, పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే రెండే నిమిషాలు పడేవని కో-డ్రైవర్ లెక్క కట్టి చెప్పాడు. లెక్క సరైనదే కాబట్టి మరింత బాధ కలిగింది.

కొత్తవారికి అనువైనదిగా అందరూ సూచించే టైమ్-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీలో ఈ తత్వం ఇంకా నిర్మొహమాటంగా కనిపిస్తుంది. మామూలు కారుతో, మామూలు రోడ్ల మీద, నిర్వాహకులు చెప్పిన సగటు వేగం తప్పకుండా నడపాలి. ఎక్కడ లెక్క చూస్తారో చెప్పరు, ముందుకైనా వెనక్కైనా తేడా వచ్చిన ప్రతి సెకనుకూ శిక్ష ఉంటుంది. వేగపిపాసను తీర్చుకోవడానికి వచ్చినవాడు గుణకారాలు చేసుకుంటూ ఇంటికి వెళతాడు.

స్టేజ్ ర్యాలీ అనే మరో రకంలోనైనా నిజంగా వేగంగా నడిపేది స్పెషల్ స్టేజ్‌లనే భాగాలలోనే. అక్కడ రోడ్డు మూసి ఉంటుంది, కార్లను ఒక్కొక్కటిగా ఎడం పెట్టి వదులుతారు, అందువల్ల దాటిపోవడానికి ఎదుట ఎవరూ ఉండరు. ఒక స్టేజ్‌కూ మరో స్టేజ్‌కూ మధ్య ఉన్న మామూలు రోడ్డు మీద ట్రాఫిక్ నియమాలన్నీ వర్తిస్తాయి కనుక, నిప్పంటుకోని దుస్తులు తొడుక్కున్న వీరుడు ఎర్రలైటు దగ్గర సైకిళ్ల పక్కన వినయంగా నిలబడతాడు.

ఇక పెత్తనం ఎవరిదన్న విషయంలో భ్రమలుంటే ఇప్పుడే వదులుకోవడం మేలు. కో-డ్రైవర్ రోడ్డు వైపు పెద్దగా చూడడు, పుస్తకం వైపే చూస్తాడు. పోటీకి ముందు దారి చూసుకునే రెక్కీలో నెమ్మదిగా తిరిగి రాసుకున్న పేస్ నోట్స్‌ను, అంటే మలుపుల వివరాలను, అతడు "ఎడమ నాలుగు, యాభై, కుడి మూడు, బిగుస్తుంది, లోపలికి కోయకు" అని చదువుతుంటే, స్టీరింగ్ పట్టుకున్నవాడు కంటికి కనిపించని మలుపును చెవితో నమ్మి తిప్పాలి. యాభై అనేది తర్వాతి మలుపుకు మీటర్లలో దూరం. మలుపులకిచ్చే అంకెల్లో, ఎక్కువమంది వాడే పద్ధతిలో, ఆరు అంటే దాదాపు తిన్నని రోడ్డు, ఒకటి అంటే బాగా ఇరుకు మలుపు. ఈ రెండింటినీ తారుమారుగా గుర్తుపెట్టుకున్నవారు ఆ పొరపాటును ఒక్కసారే చేస్తారు.

ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్‌ల మధ్య నడిపే ఆటోక్రాస్ ఇంతకంటే చవకైన మార్గం. ఒక పరుగు సుమారు ఒక నిమిషం పడుతుంది. మిగిలిన రోజంతా ఇతరులు పడగొట్టిన కోన్‌లను నిలబెట్టే సేవలో గడుస్తుంది.

స్టేజ్ ర్యాలీకి ముందు స్క్రూటినీరింగ్ అనే తనిఖీ ఉంటుంది. పల్టీ కొట్టినా లోపలివారిని కాచే రోల్ కేజ్ చట్రం, సీటుకు కట్టిపడేసే హార్నెస్ పట్టీలు, హెల్మెట్, మెడకు కాపుగా ఉండే హాన్స్ పరికరం, మంటలార్పే సిలిండర్ అన్నీ గడువు తేదీలతో సహా చూస్తారు. ఇక్కడ మాత్రం నాకు హాస్యం రాదు. ఆ తనిఖీదారుడి చాదస్తం వల్ల ప్రమాదం నుంచి బతికి బయటపడి తమ కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లినవారు చాలామంది ఉన్నారు, వారిలో నేనొకణ్ణి.

కారు పల్టీ కొట్టి గుంటలో వెల్లకిలా పడ్డాక కూడా కొలువు పూర్తి కాదు. బయటకు పాకి వచ్చి, వెనక వచ్చేవారికి కనిపించేలా ఎర్ర ముక్కోణాన్ని నిలబెట్టి, గాయాలు లేకపోతే ఆకుపచ్చ ఓకే బోర్డు, ఉంటే సాయం కోరే ఎర్ర ఎస్‌ఓఎస్ బోర్డు పట్టుకోవాలి. ఎర్ర బోర్డు చూసినవారు పోటీ వదిలి ఆగి తీరాలి. నేను ఓకే బోర్డు ఎత్తి నిలబడిన రోజున, కో-డ్రైవర్ పొదల్లో పడిన టైమ్ కార్డును వెతికి పట్టి, దాని మీది మట్టి దులిపి, మరుసటి కంట్రోల్‌కు మనకింకా నాలుగు నిమిషాల వ్యవధి ఉందని ప్రకటించాడు.