అమ్మకు ఇంగ్లిష్ రాదని పౌరసత్వం ఆపుతారా?

భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు ఏ ఇంట్లో నలుగురు కూర్చున్నా వీసా మాట రాకుండా పోదు. నిబంధనలు ఎలా బిగుసుకుంటున్నాయో ఆ ఇళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 20 నుంచి వేసే పౌరసత్వ దరఖాస్తులకు అమెరికా సివిక్స్ పరీక్షను, అంటే తన చరిత్ర, పాలన గురించి అడిగే పరీక్షను మార్చేసింది. చదవాల్సిన ప్రశ్నలు 100 నుంచి 128కి పెరిగాయి. పది అడిగితే ఆరు చెప్పడం చాలేది, ఇప్పుడు ఇరవైలో పన్నెండు చెప్పాలి. ఫ్రాన్స్ 2026 జనవరి 1 నుంచి పౌరసత్వానికి కావలసిన ఫ్రెంచ్ భాషా స్థాయిని బీ1 నుంచి, దానికి పై మెట్టయిన బీ2కి పెంచింది. శాశ్వత నివాసానికి ఐదేళ్ల గడువును పదేళ్లు చేస్తానని బ్రిటన్ 2025 మే నెలలో ప్రకటించింది.

కుర్రాళ్లు టెన్షన్ పడుతున్నారు. నిజమే, కానీ వాళ్ల గురించి నాకు పెద్ద బెంగ లేదు. బీటెక్ చదివి, ఎంఎస్ చేసి, ఆ దేశంలోనే ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు ఇరవై ఎనిమిది ప్రశ్నలు పెరిగాయని ఆగిపోరు. నా బాధంతా వాళ్ల అమ్మానాన్నల గురించి. ఇంత భాష రావాలి, ఇన్ని రోజులు ఉండాలి అన్న రెండు షరతులూ కలిసి నలిపేస్తున్నది ఆ పెద్దవాళ్లనే. నివాస గడువు పూర్తిచేసిన మనిషికి అరవై ఏళ్లు దాటితే భాషా పరీక్ష ఉండకూడదు. ఏ దేశంలోనైనా సరే.

ఈ వయసులో వాళ్లకు అమెరికా పౌరసత్వం ఎందుకని అడిగేవాళ్లుంటారు. చాలామంది అక్కడ స్థిరపడటానికి కాదు, ఇక్కడ స్థిమితంగా ఉండటానికే దాన్ని కోరుకుంటున్నారు. కొడుకో కూతురో సిటిజన్ అయ్యాక తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు వేస్తారు. పసిబిడ్డ ఉన్న ఇంటికి పెద్దదిక్కు కావాలి కదా. కార్డు చేతికొచ్చిన నాటి నుంచి ‘ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ’ అన్న లెక్క మొదలవుతుంది. ఒక్కసారి వచ్చి ఆర్నెల్లు దాటి ఇండియాలో ఉండిపోతే పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం తెగిపోయిందని అధికారులు భావిస్తారు. తెగలేదని రుజువు చేసుకోవాల్సింది దరఖాస్తుదారే. ఏడాది దాటితే ఆ రుజువుకూ అవకాశం ఉండదు. ఐదేళ్లలో కనీసం ముప్పై నెలలు అమెరికా గడ్డ మీద ఉండి తీరాలి.

ఇక్కడి పనులు ఆ క్యాలెండర్ ప్రకారం నడవవు. సార్వా కోతలు ఒకప్పుడు, దాళ్వా కోతలు ఇంకొకప్పుడు. కౌలు డబ్బులు మనిషి ఎదురుగా ఉంటే వస్తాయి, లేకపోతే వాయిదా పడతాయి. కొబ్బరి దింపు దగ్గరుండి చూసుకోవాలి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊళ్లో లేకపోతే సంక్రాంతి జరిగినట్టే ఉండదు. మోకాలి ఆపరేషన్ లాంటిది వస్తే తెలిసిన డాక్టరు, తెలిసిన భాష, భరించగలిగే బిల్లు ఉన్నది ఇక్కడే. తొంభై ఏళ్ల పెద్దావిడ మంచాన పడి ఉంటే, ఆర్నెల్లు అయిపోతున్నాయని ఆమెను వదిలి విమానం ఎక్కాలి. ఇది ఊహించి రాస్తున్నది కాదు. కోనసీమలో పదిమందిని పలకరిస్తే కనీసం ఇద్దరి ముగ్గురి ఇళ్లలో ఈ కథ వినిపిస్తుంది.

అమెరికా పౌరసత్వం తీసుకుని, ఆపైన ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే జీవితకాల వీసా లాంటిది) చేయించుకుంటే ఈ లెక్కలన్నీ పోతాయి. ఊళ్లో ఎంతకాలం ఉన్నా అడిగేవాళ్లుండరు. అందుకు వాళ్లు చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు కాబట్టి భారత పాస్‌పోర్టు వదులుకోవాలి, ఇక్కడి ఓటు పోతుంది. ఉన్న పొలం ఉంచుకోవచ్చు గానీ కొత్తగా ఒక్క సెంటు వ్యవసాయ భూమి కొనలేరు. తాతలనాటి చేను పక్కనే అమ్మకానికి వచ్చినా చూస్తూ ఊరుకోవాలి. ఇంత వదులుకోవడానికి సిద్ధపడుతున్నారంటే ఆ ఆర్నెల్ల లెక్క వాళ్లను ఎంత వేధిస్తోందో అర్థం చేసుకోవాలి.

అక్కడిదాకా వచ్చాక ఇంగ్లిష్ అడ్డం పడుతుంది. ఇంటర్వ్యూలో అధికారి ఇంగ్లిష్‌లో అడుగుతాడు, ఇంగ్లిష్‌లోనే జవాబివ్వాలి. ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి. పెద్దవాళ్లకు మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఎవరికి? యాభై ఏళ్లు దాటి, గ్రీన్ కార్డు మీద ఇరవై ఏళ్లు ఉన్నవారికి. యాభై ఐదు దాటి, పదిహేనేళ్లు ఉన్నవారికి. వీళ్లు ఇంగ్లిష్ పరీక్ష రాయనక్కర్లేదు, సివిక్స్ ప్రశ్నలకు దుభాషీ సాయంతో తెలుగులోనే జవాబివ్వొచ్చు. అరవై ఐదు దాటినవారికి సివిక్స్ మరింత తేలిక చేశారు, కానీ దానికీ ఇరవై ఏళ్ల గ్రీన్ కార్డు ఉండాలి. డాక్టరు ధ్రువీకరిస్తే వైకల్యం ఉన్నవారికి వేరే మినహాయింపు ఉంది. మతిమరుపు జబ్బో మరొకటో ఉంటే అది పనికొస్తుంది, ఆరోగ్యంగా ఉన్న మనిషికి పనికిరాదు.

లెక్క వేసి చూడండి. అరవై మూడో ఏట గ్రీన్ కార్డు వచ్చిన తల్లికి ఐదేళ్లు నిండితే, అంటే అరవై ఎనిమిదికి, నివాస షరతు పూర్తవుతుంది. తెలుగులో ఇంటర్వ్యూ ఇవ్వాలంటే మాత్రం డెబ్బై ఎనిమిది దాకా ఆగాలి. ఆ పదేళ్లూ ఆర్నెల్లకోసారి ఇరవై నాలుగు గంటల ప్రయాణం చేస్తూ ఉండాలి. ముప్పై ఐదేళ్లకు వెళ్లి ఇరవై ఏళ్లు అక్కడే బతికినవాడు ఇంగ్లిష్ ఎలాగూ నేర్చుకుంటాడు, మినహాయింపు దక్కేది అతడికి. ముసలితనంలో వెళ్లి, నేర్చుకునే వయసు దాటిపోయిన మనిషికి దక్కదు. ఈతగాడికి పడవ ఇచ్చి, ఈత రానివాణ్ణి ఏట్లోకి దిగమన్నట్టుంది.

ఇది వేరే దారి లేక పెట్టిన నిబంధన కూడా కాదు. కెనడా భాషా పరీక్షను 18 నుంచి 54 ఏళ్ల వారికే పరిమితం చేసింది. యాభై ఐదు దాటితే ఎన్నేళ్లుగా ఉన్నారని కూడా చూడకుండా భాషను వదిలేస్తుంది, ఐదేళ్లలో 1,095 రోజులు ఉంటే చాలంటుంది. ఆస్ట్రేలియాలో అరవై దాటితే పౌరసత్వ పరీక్షే లేదు. వలసల మీద కఠినంగా ఉండే బ్రిటన్ కూడా అరవై ఐదు నిండినవారిని భాష నుంచి, ‘లైఫ్ ఇన్ ది యూకే’ పరీక్ష నుంచి తప్పించింది. ఈ దేశాలేవీ అందువల్ల కూలిపోలేదు.

ఉమ్మడి భాష లేకపోతే సమాజం ముక్కలవుతుందని, ఆసుపత్రిలోనో పోలింగ్ కేంద్రంలోనో మాట అర్థం కాని మనిషి తనకే నష్టం చేసుకుంటాడని ఎదుటివాదం చెబుతుంది. ముప్పై ఏళ్లవాడి విషయంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. వాడు భాష నేర్చుకోవాలి, నేర్చుకోనంటే ఆ దేశం తలుపు మూయడంలో తప్పులేదు. కానీ డెబ్బై ఏళ్ల అమ్మమ్మ వల్ల ఏ సమాజం ముక్కలవుతుంది? ఆమె మనవడు ఇంగ్లిష్‌లోనే కలలు కంటున్నాడు. ఒక తరంలో జరగాల్సిన కలయిక ఆ ఇంట్లో ఇప్పటికే జరిగిపోయింది.

భాష, నివాసం అనేవి మనిషికీ దేశానికీ ఉన్న బంధాన్ని కొలిచే సాధనాలని అందరూ నమ్ముతున్నారు. గోదావరి డెల్టా చరిత్ర దాన్ని రెండు వైపుల నుంచీ తప్పని చూపిస్తోంది. మొదటిది యానాం. కోనసీమను ఆనుకుని, గౌతమి ఒడ్డున ఉన్న ఆ ఊరు 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది. దాన్ని ఫ్రాన్స్ భారత్‌కు అప్పగిస్తూ 1956 మే 28న కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. అక్కడ పుట్టి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచ్ జాతీయులు ఆ రోజుతో భారత పౌరులయ్యారు. వద్దనుకున్నవారికి మాత్రం ఆరు నెలల గడువిచ్చారు. ఆ లోపు రాతపూర్వకంగా తెలియజేస్తే ఫ్రెంచ్ జాతీయత ఉంచుకోవచ్చు. నీకు ఫ్రెంచ్ వచ్చా అని ఎవరూ అడగలేదు. ఫ్రాన్స్‌లో ఎన్ని రోజులున్నావని అడగలేదు. ఇంట్లోనూ వీధిలోనూ తెలుగు తప్ప మరోటి మాట్లాడనివారు, సముద్రం దాటనివారు కూడా ఒక్క సంతకంతో ఆ జాతీయతను నిలుపుకునే వీలుంది. వాళ్ల కడుపున పుట్టిన పిల్లలకు పుట్టుకతోనే అది సంక్రమిస్తుంది. వాళ్లకూ భాషా పరీక్ష లేదు. పక్కనే ఉన్న కాకినాడ నుంచి పారిస్ వెళ్లి, అయిదేళ్లు పన్నులు కట్టిన కుర్రాడు మాత్రం ఇవాళ బీ2 సర్టిఫికెట్ తేవాలి. ఫ్రాన్స్‌తో ఎవరి బంధం గట్టిది?

రెండోది గల్ఫ్. రాజోలు, నరసాపురం ప్రాంతాల నుంచి ఇంటిపనికి కువైట్, ఖతార్, ఒమన్ వెళ్లిన ఆడవాళ్ల సంగతి మనకు తెలియంది కాదు. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నవాళ్లున్నారు. బడి మెట్లు సరిగ్గా ఎక్కని ఆ అక్కలు వంటింట్లో నిలబడి అరబ్బీ నేర్చుకున్నారు. ఆ ఇళ్ల పిల్లలను ఎత్తుకుని పెంచారు, ముసలివాళ్లకు మలమూత్రాలు ఎత్తారు. భాష ఉంది, నివాసం ఉంది, సేవ ఉంది. పౌరసత్వం మాత్రం మాటల్లోకి కూడా రాదు. ఖతార్ 2005లో చేసిన చట్టంలో ఇరవై ఐదేళ్ల నిరంతర నివాసం, అరబ్బీ పరిజ్ఞానం ఉంటే పౌరసత్వం ఇవ్వొచ్చని ఉంది. ఏడాదికి రెండు నెలలకు మించి దేశం దాటకూడదని కూడా ఉంది. స్పాన్సర్ కాగితం రద్దయితే ఇంటికి పంపేసే ఉద్యోగంలో ఆ ఇరవై ఐదేళ్లు ఎలా నిండుతాయి? నిండినా, ఇవ్వాలో వద్దో పాలకుల ఇష్టం.

ఒకే డెల్టాలో, ఒక పూట బస్సు ప్రయాణం దూరంలో, భాషా, నివాసమూ రెండూ లేకపోయినా పౌరసత్వం దక్కిన కుటుంబాలున్నాయి. రెండూ ఉన్నా దక్కని కుటుంబాలూ ఉన్నాయి. మనుషుల్ని తనవాళ్లుగా ఉంచుకోవాలనుకుంటే రాజ్యం షరతులు అడగదు, వద్దనుకుంటే షరతులన్నీ తీర్చినా ఇవ్వదు. అమెరికా సొంత చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1790 నాటి మొదటి చట్టం అడిగింది రెండేళ్ల నివాసం, తెల్ల చర్మం. భాష ఊసే లేదు. ఇంగ్లిష్ మాట్లాడటం రావాలన్నది 1906లో వచ్చింది, చదవడం రాయడం రావాలన్నది 1950లో వచ్చింది. ఇంగ్లిష్ బాగా వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కు 1923లో అక్కడి సుప్రీంకోర్టు పౌరసత్వం కాదంది, తెల్లవాడు కాడని. భారతీయులకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు. ఇవన్నీ రాజకీయ నిర్ణయాలే. పదిహేనేళ్ల మినహాయింపు కూడా 1990లో అక్కడి కాంగ్రెస్ చేసిన సవరణే. దాన్ని ఐదేళ్లు చేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో రెండేళ్లకోసారి వేలమందితో సభలు జరుపుకునే తెలుగు సంఘాలు అక్కడి ప్రతినిధుల సభ సభ్యులను, సెనెటర్లను వేదికల మీదికి పిలిచి శాలువాలు కప్పుతుంటాయి కదా, ఆ సందర్భంలోనే ఈ ఒక్క మాట అడగాలి.

మన చట్టం ఏమంటుందో కూడా ఇక్కడ చెప్పాలి. 1955 పౌరసత్వ చట్టం మూడో షెడ్యూలు ప్రకారం, విదేశీయుడు సహజీకరణ ద్వారా భారత పౌరుడు కావాలంటే దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ ఉండాలి. దానికి ముందటి పద్నాలుగేళ్లలో కలిపి పదకొండేళ్లు ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భాష తగినంత తెలిసి ఉండాలి. ఏదో ఒకటి! ఇరవై రెండింటిలో తెలుగు ఉంది. హిందీ ముక్క రాకపోయినా, ఇంగ్లిష్ అసలే రాకపోయినా, తెలుగు వచ్చిన విదేశీయుడు భాష విషయంలో భారతీయుడు కావడానికి అర్హుడే. ఇంత ఉదారమైన భాషా షరతు గురించి మనం ఎందుకు గర్వంగా చెప్పుకోమో నాకు అర్థం కాదు.

గర్వంగా చెప్పుకోలేకపోవడానికి కారణం బహుశా ఇదే: కొత్తగా వచ్చేవాడికి తెలుగు చాలంటున్న దేశం, ఇక్కడే పుట్టినవాడికి తెలుగు చాలనివ్వడం లేదు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా పాలకొల్లు రైతు బ్యాంకులో సంతకం పెట్టే రుణపత్రంలో ఏముందో పక్కవాణ్ణి అడగాలి. ఇన్సూరెన్స్ పాలసీలో ఏ జబ్బు వర్తించదో చదువుకోలేడు. సరిహద్దు తగాదా హైకోర్టుదాకా వెళితే, తన గట్టు తనదా కాదా అని చెప్పే తీర్పు ఇంగ్లిష్‌లో వస్తుంది. ప్లీడరుగారు చెప్పిందే తీర్పు. అమెరికా అధికారి మా అమ్మ మాట తెలుగులో వినాలని అడుగుతున్నాం, అడగాలి కూడా. కానీ అమరావతిలోని మన హైకోర్టు మన నాన్న మాట తెలుగులో ఎందుకు వినదని ఎన్నడైనా అడిగామా?

దారి లేక కాదు. రాజ్యాంగం 348వ అధికరణ రెండో క్లాజు ప్రకారం రాష్ట్రపతి అనుమతితో గవర్నర్ హైకోర్టు వ్యవహారాల్లో రాష్ట్ర భాషను అనుమతించవచ్చు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ హిందీకి ఆ అనుమతి ఎప్పుడో తెచ్చుకున్నాయి. తమిళనాడు తమిళం కోసం అడిగింది, ఢిల్లీ ఒప్పుకోలేదు, అయినా అడగడం మానలేదు. మన అసెంబ్లీ తెలుగు కోసం తీర్మానం చేసి పంపాలి. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. వెనక్కి పంపితే మళ్లీ పంపాలి.