పన్ను మనది, తీర్మానం ఎవరిది?

శ్రీకాకుళంలో కుళాయి రాకపోతే, వీధి దీపం వెలగకపోతే ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడు చాలామందికి తెలుసు. 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక ఆ మేరకు తిప్పలు తగ్గాయి. మంచినీళ్లకు ఎమినిటీస్ సెక్రటరీ, చెత్తకు శానిటేషన్ సెక్రటరీ, ఇంటి ప్లానుకు ప్లానింగ్ సెక్రటరీ. అయితే మన వీధి కాలువ ఈ ఏడాది పనుల్లో ఎందుకు లేదు, పక్క వీధికి సీసీ రోడ్డు ముందే ఎలా పడింది అని అడిగితే వాళ్లూ చెప్పలేరు. ఆ నిర్ణయాలు అక్కడ జరగవు మరి.

చట్టం ప్రకారం నగరపాలక సంస్థలో బడ్జెట్‌ను ఆమోదించాల్సింది ఎన్నికైన కార్పొరేటర్ల కౌన్సిల్. దాన్ని అమలు చేయాల్సింది కమిషనర్. ఏ పనికి ఎంత ఖర్చో కార్పొరేటర్లు అజెండా చూసి నిలదీయవచ్చు. శ్రీకాకుళానికి ఈ అనుభవమే లేకుండా పోయింది. ఇక్కడ పాలకమండలి గడువు 2010లో ముగిసింది. 2015లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. 2021 మార్చిలో పక్కనున్న విజయనగరం 50 డివిజన్లకు ఓటేసినప్పుడు కూడా శ్రీకాకుళంలో ఎన్నిక జరగలేదు. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. అయినా కార్పొరేషన్‌లో గ్రామాల విలీనం, దానిపై కోర్టు కేసులు అంటూ ఏళ్లు గడిచిపోయాయి. కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలన్నీ ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి సంతకంతో సాగిపోయాయి. ఆ కాలంలో ఓటు హక్కు వచ్చిన కుర్రాళ్లకు కార్పొరేటర్ అంటే ఎవరో ఎలా తెలుస్తుంది?

విజయనగరం పరిస్థితి గొప్పగా ఉందని కాదు. అక్కడ కార్పొరేటర్‌ను పింఛను సిఫారసుకు వాడుకున్నంతగా బడ్జెట్ గురించి అడగడానికి వాడుకోలేదు. పైగా మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న చోటే వార్డు కమిటీలు తప్పనిసరి. 2011 లెక్కల్లో ఈ రెండు ఊళ్లూ ఆ గీతకు కిందే ఉన్నాయి. కాబట్టి కాలనీవాసులు అధికారులతో కూర్చుని మాట్లాడే వేదికను రాజ్యాంగమే ఇక్కడ ఐచ్ఛికంగా వదిలేసింది.

ఇంటి పన్ను సంగతే చూడండి. 2021లో అద్దె విలువ లెక్క పోయి, ఆస్తి మూలధన విలువ, అంటే ఆస్తి ఖరీదు మీద పన్ను వచ్చింది. ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితీ పెట్టారు. నోటీసులో అంకె పెరగడం అందరూ చూశారు. ఆ అంకె ఎలా వచ్చిందో వీధిలో కూర్చోబెట్టి చెప్పినవారు అరుదు. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్నంతా కడితే 5 శాతం రాయితీ అన్న మాట మాత్రం ఇంటింటికీ తెలుసు. వసూలుకు పనికొచ్చే సమాచారం ఎంత చక్కగా చేరుతుందో!

కార్యాలయాలు తమ బడ్జెట్‌ను, ఖర్చును ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎప్పుడో చెప్పింది. వెబ్‌సైట్‌లో ఎక్కడో ఒక పీడీఎఫ్ పడేస్తే సరిపోదు. డివిజన్ వారీగా మంజూరైన పనులు, మొత్తం, కాంట్రాక్టర్ పేరు, గడువు తేదీ, ఆ నెల తీర్మానాలు వార్డు సచివాలయం గోడ మీద తెలుగులో అంటించాలి. పింఛను లబ్ధిదారుల జాబితా అంటించడం వచ్చిన సిబ్బందికి ఇది కొత్త పనేమీ కాదు. దీనికి ఎన్నికల కోసం ఆగక్కర్లేదు, కమిషనర్ ఉత్తర్వు ఒక్కటి చాలు.