నీడ పడని గుడి నీడలో

ఈ నెలలో అదే సందేశం నా ఫోనుకు రావడం ఇది నాలుగోసారి. మొదట మా పెదనాన్న పంపారు. తర్వాత ఆఫీసు గుంపులో కనబడింది, ఆ తర్వాత పదో తరగతి మిత్రుల గుంపులో. నిన్న పాలు పోసే అబ్బాయి కూడా పంపి, కింద మూడు దండాలు పెట్టాడు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

తంజావూరు పెద్ద గుడి గురించిన సందేశం అది. మొత్తం ఎనిమిది అంశాలు. గోపురం నీడ నేల మీద పడదు. శిఖరాన 80 టన్నుల ఏకశిల ఉంది. పునాది లేదు, సున్నం లేదు. చుట్టుపక్కల అరవై కిలోమీటర్లలో రాయి దొరకదు. నంది ఏటేటా పెరుగుతోంది. టోపీ పెట్టుకున్న తెల్లవాడి బొమ్మను వెయ్యేళ్ల కిందటే చెక్కారు. సింహద్వారం గుండా వెళ్లిన నాయకుల పదవులు ఊడతాయి. చివరిది: ఇది మనుషులు కట్టింది కాదు, ఎవరు కట్టారన్నది నేటికీ రహస్యమే, ఆ రహస్యాన్ని బ్రిటిష్ వాళ్లు తొక్కిపెట్టారు. అన్నిటి కింద ఒక ఉచిత సలహా: సరిగ్గా మధ్యాహ్నం 12 గంటలకు వెళ్లి, నీడ లేని అద్భుతాన్ని కళ్లారా చూడండి.

ఆ సలహా చదివితే నాకు ఒళ్లు మండుతుంది. నా ఒంటికంటే ముందు మా పిన్ని అరికాళ్లు మండాయి. ఆ సంగతికి వస్తాను.

ముందు చిల్లరవి తేల్చేస్తాను. నంది పెరుగుతోందట. పెరిగే పనిని మన యాగంటి బసవన్నకు ఎప్పుడో అప్పగించాం కదా, తంజావూరు నందికి కూడా ఎందుకు? పైగా అందరూ పక్కన నిలబడి ఫోటోలు దిగే ఆ పెద్ద నంది ఈ గుడి కట్టించిన రాజరాజ చోళుడి కాలంది కాదు, తర్వాతి నాయక రాజుల కాలంలో పెట్టింది. పదవుల మాటకొస్తే, అవి ఊడటానికి తంజావూరు దాకా వెళ్లనక్కర్లేదు. ఇంట్లో కూర్చున్నవాళ్లవీ ఊడుతూనే ఉన్నాయి.

గర్భగుడి మీద లేచిన కట్టడాన్ని విమానం అంటారు. దాని ఉత్తరం వైపు టోపీ తల ఒకటి ఉన్న మాట నిజమే. కాని 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు డేనిష్ వర్తకులకు తరంగంబాడిలో చోటిచ్చాడు. ఈ రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు, మనకు పరాయివాడేమీ కాదు. టోపీవాళ్లు ఆ సీమలో తిరుగుతున్న రోజుల్లో, గుడికి మరమ్మతులు చేసిన పనివాడెవరో చూసినవాణ్ణి చూసినట్టు పెట్టి ఉంటాడన్నది నమ్మదగిన మాట. దానికి భవిష్యత్తులోకి తొంగి చూడనక్కర్లేదు, వీధిలోకి చూస్తే చాలు.

రాయి దూరం నుంచి తెచ్చారన్నది నిజం. కావేరి ఒండ్రు నేలలో కొండలు మొలవవు కదా. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చారన్నదీ నిజమే. పునాది లేదన్న మాట మాత్రం ఎవరు తవ్వి చూసి రాశారో చెబితే బాగుండేది.

ఇక 80 టన్నుల ఏకశిల. దానికి తోడుగా, ఆరు కిలోమీటర్ల వాలు దారి వేసి ఏనుగులతో పైకి లాగించారన్న కథ. కథ బాగుంటుంది, నేనూ చిన్నప్పుడు నోరు తెరుచుకుని విన్నాను. అయితే ఆ గుండ్రటి శిఖరం ఒకే రాయి కాదనీ, పలు రాళ్లను కూర్చి చేసిందనీ గుడిని పరిశీలించినవాళ్లు చెబుతున్నారు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద సాక్ష్యం మరొకటి ఉంది. శిఖరం మీద పెట్టడానికి రాజరాజు తన ఏలుబడి 25వ ఏట, 275వ రోజున రాగి కలశం ఇచ్చాడు. ఆ రాగి తూకం ఎంతో, పైన తొడిగిన బంగారు రేకు తూకం ఎంతో విడివిడిగా శాసనంలో చెక్కించాడు. బంగారాన్ని అర కళంజు (అప్పటి తూకం) కూడా వదలకుండా లెక్క రాయించినవాడు, తన కలశం కిందే కూర్చున్న 80 టన్నుల అద్భుతం గురించి ఒక్క ముక్క రాయించకుండా ఊరుకున్నాడంటే నమ్మమంటారా? అన్ని రాళ్లనూ అరవై మీటర్ల ఎత్తుకు మనుషులు, పశువులు ఎక్కించారన్న నిజం చాలదు కాబోలు.

ఇప్పుడు నీడ. పోయిన మే నెలలో పిన్నితో, ఆవిడ మోకాళ్ల నొప్పులతో కలిసి తంజావూరు వెళ్లాం. పొద్దున్న ఆరింటికే గుడికి పోదామన్నాను. "పన్నెండింటికి చూడాలిరా, అందులో రాశారుగా" అని ఫోను ముందు పెట్టింది. పన్నెండుకు పది నిమిషాల ముందు చెప్పులు వదిలి ఆవరణలోకి అడుగుపెట్టాం. తంజావూరు మే నెల ఎండ, పరిచిన రాతి నేల. పది అడుగులు వేశాక పిన్ని పరుగెత్తడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి పరుగెత్తగా నేను చూడటం అదే మొదలు. చుట్టు మండపంలోకి చేరి, స్తంభానికి ఆనుకుని, పాదం తిప్పి చూసుకుంటే మడమ దగ్గర రూపాయి బిళ్లంత బొబ్బ. మా వెనకే ఇంకో కుటుంబం, చంకలో పిల్లవాడితో, అదే పరుగు. వాళ్లూ తెలుగువాళ్లే. వాళ్ల ఫోన్లో కూడా అదే సందేశం.

అంతా చేస్తే మధ్యాహ్నం గర్భగుడి మూసేస్తారు. మళ్లీ తీసేది నాలుగింటికి. దేవుడు లేని వేళ చూసి, చెప్పులు లేని కాళ్లతో జనాన్ని పెనం మీదికి తోలుతోంది ఈ సందేశం. రాసిన మహానుభావుడు ఏ చల్లటి గదిలో కూర్చుని రాశాడో!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పన్నెండింటికి మేము నేల మీద శిఖరం నీడ కోసం వెతికాం. లేదు. పిన్ని నొప్పిలోనూ గెలిచినట్టు నా వైపు చూసింది. నిజాయతీగా చెప్పాలంటే నేనూ ఒక క్షణం తడబడ్డాను. రాత్రి బసకు వచ్చాక కాగితం మీద గీసుకుంటే విషయం తేలింది. విమానం అడుగు ఒక్కో వైపు సుమారు 30 మీటర్లు, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు శిఖరం నీడ విమానం అంతస్తుల మీదే ఆగిపోతుంది, నేలకు దిగదు. కళ్లంలో పోసిన ధాన్యం రాశికి కూడా ఆ వేళ నీడ కనిపించదు. రాశిని ఎవరూ అద్భుతమనరు, కొలిచి బస్తాలకెత్తుతారు. కాబట్టి ఏడాదిలో సగం రోజులు, రోజుకు ఓ అరగంట, సందేశం చెప్పింది నిజమే. మిగతా వేళల్లో శుద్ధ అబద్ధం. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నమే వెళ్లండి. శిఖరం నీడ సుమారు 40 మీటర్లు సాగి, ఉత్తరాన చండికేశ్వరుడి గుడి వైపు పడి ఉంటుంది. అప్పుడు కాళ్లు కూడా కాలవు.

అన్నట్టు, దాన్ని గోపురం అంటున్నారు. గోపురాలు ద్వారాల మీద ఉంటాయి. వాటిలో మొదటిదాని పేరు కేరళాంతకన్, రెండోదాని పేరు రాజరాజన్. గర్భగుడి మీద నిలిచినది విమానం. పోనీలెండి, ఇంత దూరం వచ్చాక ఆ తేడా కోసం పోట్లాడను.

ఆ సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ ఆవరణలోకి దిగాం. నేల మీద పడనే పడని నీడ తూర్పున నంది మండపం వైపు దుప్పటిలా పరుచుకుని ఉంది. వందల మంది అందులోనే కూర్చున్నారు. పిల్లలు అందులోనే పరుగెడుతున్నారు. పిన్నిని దక్షిణం గోడ పక్కన కూర్చోబెట్టి, సీసాలోని నీళ్లు అరికాళ్ల మీద పోశాను. ఆవిడ వెనక్కి తిరిగి, రాతి అధిష్ఠానం (గుడి పీఠం) మీద బారులు తీరిన అక్షరాలను వేలితో తడుముతూ అడిగింది. "ఈ చీమల బారులేమిట్రా?"

ఆ చీమల బారులే ఎనిమిదో అంశానికి నా జవాబు.

మనుషులు కట్టలేదట, ఎవరు కట్టారో తెలియదట! ఈ దేశంలో ఎవరు కట్టారో ఇంత వివరంగా తెలిసిన గుడులు ఎన్ని ఉన్నాయి? తాను ఇచ్చినవి, తన అక్క ఇచ్చినవి, తన భార్యలు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి అన్నీ రాతి మీద చెక్కమని రాజరాజు ఆజ్ఞాపించిన మాట కూడా అక్కడే చెక్కి ఉంది. స్థపతి (ప్రధాన శిల్పి) పేరు ఉంది: వీరచోళ కుంజరమల్లన్ రాజరాజ పెరుందచ్చన్. చుట్టు మండపం కట్టించిన సేనాపతి కృష్ణన్ రామన్ పేరు ఉంది. మా పిన్ని బొబ్బతో చేరగిలబడింది ఆయన మండపంలోనే. గుడి సేవకు ఇతర ఊళ్ల గుళ్ల నుంచి రప్పించిన 400 మంది ఆడవాళ్ల పేర్లు ఉన్నాయి. ఏ వీధి, ఏ వరస, ఎన్నో ఇల్లు, ఏ గుడి నుంచి వచ్చింది అన్నీ రాశారు. ఒక్కొక్కరికి ఏటా నూరు కలముల (అప్పటి ధాన్యం కొలత) వడ్లు పండే భూమి వాటాగా ఇచ్చారు. వాళ్ల తర్వాత నట్టువాంగం చేసేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు, గొడుగు పట్టేవాళ్లు, దీపాలు వెలిగించేవాళ్లు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు, దర్జీలు, కంసాలులు, లెక్కలు రాసేవాళ్లు. ఇంతమందినీ ఒక్క వాక్యంతో చెరిపేసి, ఆకాశం నుంచి దిగినవాళ్లెవరో కట్టి వెళ్లారనడం గర్వమెలా అవుతుంది? మన తాత చేసిన పనిని పక్కింటివాడికి కట్టబెట్టి కాలరెగరేసినట్టు ఉంది.

మరో సంగతి. విమానం లోపల, గర్భగుడి పైని అంతస్తులో శివుడి నాట్య కరణాలు, అంటే నాట్య భంగిమలు, వరుసగా చెక్కారు. అక్కడికి మనల్ని వెళ్లనివ్వరు. మొత్తం 108 ఉండాలి, చెక్కినవి 81. మిగతా 27 రాళ్లు చెక్కకుండా ఖాళీగానే ఉన్నాయి. ఆకాశంవాళ్లకు కూడా ఆఖర్లో పని ఆగిపోయిందన్నమాట!

బ్రిటిష్ వాళ్లను తిట్టడానికి నాకు అభ్యంతరం లేదు, కారణాలు బోలెడు. ఇది మాత్రం వాటిలో ఒకటి కాదు. స్థలపురాణాలు వేరే చోళుడి పేరు చెబుతున్న రోజుల్లో ఈ గోడలు చదివి, కట్టించింది రాజరాజేనని తేల్చి, 1891 నుంచి ఆ శాసనాలను అచ్చు వేయించింది హుల్ష్ అనే జర్మన్ పండితుడు. ఆయనకు జీతమిచ్చింది ఆ ప్రభుత్వమే. తొక్కిపెట్టాలనుకున్నవాళ్లు పుస్తకాలు అచ్చు వేయించరు.

తెలుగువాడికి ఇంత కోపమెందుకని పదో తరగతి మిత్రుడొకడు అడిగాడు. రాజరాజు కూతురు కుందవ్వ మన వేంగి విమలాదిత్యుడి భార్య. వాళ్ల కొడుకు రాజరాజనరేంద్రుడు. తాత పేరే పెట్టారు. ఆ మనవడి కొలువులోనే నన్నయ భారతం మొదలుపెట్టాడు. తాతగారి గుడి గోడ మీద ఆయన గెలిచిన దేశాల వరసలో వేంగినాడు కూడా ఉందనుకోండి, అది వేరే పోట్లాట.

ఇదంతా ఆ నీడలోనే కూర్చుని పిన్నికి చెప్పాను. నన్నయ దగ్గర ఆవులించింది. నాలుగు వందల మంది దగ్గర మాత్రం ఆగింది. "ఎన్నో ఇల్లో కూడా రాశాడా?" అని మళ్లీ అడిగి, అక్షరాల మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచింది. పిన్ని మారిపోయిందనే అనుకున్నాను.

ఇందాక ఇది రాస్తుండగా ఫోను మోగింది. అయిదోసారి అదే సందేశం, ఈసారి పంపింది పిన్ని. ఎనిమిది అంశాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, నీడతో సహా. కింద పన్నెండు గంటల సలహా మాత్రం తీసేసి, ఆ చోట తొమ్మిదో అంశం చేర్చింది: "నాలుగు దాటాక వెళ్లండి. మేజోళ్లు మరవకండి."