నెట్టు కొంచెం దించండి సార్

మా పర్లాకిమిడిలో బడిపిల్లలకు వాలీబాల్ నేర్పే తీరు చూసి చాన్నాళ్లుగా కడుపులో దాచుకున్నది ఇవాళ కక్కేస్తున్నాను. పొడుగైతే ఏమనుకోకండి.

ఆరో తరగతి చదివే మా అమ్మాయి పోయిన వారం బడి నుంచి వచ్చి ముంజేతులు చూపించింది. ఎర్రగా కందిపోయాయి. "నాన్నా, రేపు గేమ్స్ పీరియడ్‌కి కడుపునొప్పి అని చీటీ రాసివ్వవా?" అంది. నలభై మందికి ఒకటే బంతి, అదీ రాయిలా గాలి కొట్టినది. వంతు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని చేతులు చాపడమేనట. సార్ ఒడియాలో "భయపడకు" అని కేకేస్తారట. కేకేస్తే భయం పోతుందా?

పెద్దవాళ్ల బంతి 260 నుంచి 280 గ్రాములు. మగవాళ్ల నెట్టు 2.43 మీటర్లు, అంటే ఇంచుమించు ఎనిమిది అడుగులు. ఆడవాళ్లది 2.24. మా పిల్ల నాలుగున్నర అడుగులు! సర్వీస్ చెయ్యాలంటే నెట్టుకి 9 మీటర్ల వెనక నిలబడాలి. బంతి సగం దూరంలో పడుతుంది, అందరూ నవ్వుతారు. అయిపోయింది పీరియడ్.

క్రికెట్ అయితే మన సందుల్లో ఎవరైనా పిల్లాడికి కార్క్ బంతి ఇస్తారా? రబ్బరు బంతి, కొబ్బరి మట్ట. సైకిల్ అయితే బార్ కింద కాలు దూర్చి తొక్కినవాళ్లమే అందరం. వాలీబాల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఒరిజినల్ రూల్స్" గుర్తొస్తాయి.

ఆ ఒరిజినల్ సంగతీ చూద్దాం. 1895లో అమెరికాలోని హోల్యోక్‌లో విలియం మోర్గాన్ అనే వ్యాయామ బోధకుడు, బాస్కెట్‌బాల్‌తో ఆయాసపడే నడివయసు వాళ్ల కోసం కల్పించిన ఆట ఇది. టెన్నిస్ నెట్టు తెచ్చి ఆరున్నర అడుగుల ఎత్తున కట్టాడు. బాస్కెట్‌బాల్ బరువైంది, దాని లోపలి బ్లాడర్ మరీ తేలికైంది, అందుకని వేరే బంతి చేయించాడు. ఆడేవాళ్లని చూసి సామాను మార్చుకుంటే పుట్టిన ఆటండీ ఇది!

బడికెళ్లి, "నెట్టు దించండి, మొదట్లో బెలూన్‌తోనో, బీచ్ బాల్ అనే గాలి ఊదే ప్లాస్టిక్ బంతితోనో నేర్పండి" అని అడిగితే, "తేలిక బంతికి అలవాటుపడితే అసలు బంతి ఆడలేరు" అన్నారు. ఇందులో కొంత నిజముంది, కాదనను. నేనూ ఒకప్పుడు సంక్రాంతి పోటీలకి పాతపట్నం, టెక్కలి తిరిగి ఆడినవాణ్ణే. బెలూన్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి కాళ్లు కదపకపోయినా అందుతుంది. ఏడాదంతా దానితోనే ఆడితే పిల్లలు మొద్దుల్లా నిలబడిపోతారు. కానీ ఏడాదంతా ఆడమని ఎవరన్నారు? బంతి కింద ఎక్కడ నిలబడాలో కంటికి తెలిసేదాకా బెలూన్, తర్వాత బీచ్ బాల్, ఆ తర్వాత స్పాంజి బంతి. చివర్లో అసలు బంతే, గాలి కాస్త తగ్గించి. మొదట్లో ఒకసారి నేలమీద పడనిచ్చినా కొంపలు మునగవు. రెండు చెట్లకి తాడు కడితే అదే నెట్టు. అలాంటివి నాలుగు కడితే, వరుసలో గోళ్లు గిల్లుకుంటూ నిలబడే ముప్పై మందికీ పని దొరుకుతుంది. ఖర్చు? ఒక మంచి బంతి ధరలో బోలెడు బీచ్ బాల్స్ వస్తాయి.

"అదేం పిల్లాట?" అని నవ్వారు ఒకాయన. పిల్లలే కదండీ ఆడేది!

ఆదివారం మా అరుగు స్తంభానికీ కొబ్బరిచెట్టుకీ మధ్య పాత చీర కట్టాను. మొదటి రోజు మా అమ్మాయి బీచ్ బాల్‌ని కింద పడకుండా వరసగా నాలుగు సార్లు లేపింది. బుధవారానికి పదకొండు. పక్కింటి పిల్లలిద్దరు కూడా చేరారు. చీటీ మాట మళ్లీ ఎత్తలేదు కానీ, గేమ్స్ పీరియడ్ అంటే ముఖం ఇంకా మాడ్చుకుంటూనే ఉంది.

నిన్న ఆ బీచ్ బాల్‌కి గుమ్మం మేకు గుచ్చుకుంది. సంతలో ఇంకోటి కొనాలి.